పైడమ్మ స్లాబిల్లు

లోకంలో ఉన్న తెలివిలో ముప్పాతిక వంతు తమ ఇంట్లోనే ఉందని బొడ్డేపల్లి పైడమ్మ నమ్మకం. మిగతా పావు వంతు ఎవరి దగ్గరుందో తెలిస్తే అదీ తెచ్చేసుకునేదే. మొగుడు సన్యాసయ్య, మరిది సింహాద్రి ఆమెకి తగ్గవాళ్ళే. లోటల్లా ఒక్కటే, ఇంటికప్పు. వానొస్తే వీధిలో చినుకులు, ఇంట్లో ఏరు. చచ్చేలోగా స్లాబు కింద ఒక్క కునుకైనా పొడిగా తియ్యాలని ఆమె కోరిక.

రెండు గేదెల్ని అమ్మినా ఆ డబ్బు స్లాబుకి చాల్లేదు. విజయనగరంలో షేర్ల ఆఫీసులో పనిచేసే మేనల్లుడు గోవిందు దాంతో షేర్లు కొనిపెట్టాడు. ఆ కాగితం తెచ్చి మంచం మీద పెట్టి, "అత్తా, మంచి కంపెనీలు. పదేళ్ళు కదపకండి. రోజూ ధరలు చూడకండి" అని చెప్పి వెళ్ళాడు.

అంతే. సింహాద్రి కళ్ళకి తువ్వాలు కట్టుకుని సంతకెళ్ళాడు. అడిగినంతా ఇచ్చి, ఉత్త సంచీతో తిరిగొచ్చాడు.

"ఏం మరిదీ, ధర చూశావా?"

"అబ్బే! వంకాయలే చూళ్ళేదొదినా!"

కాగితం కదపకూడదు కనక ముగ్గురూ నేలమీదే పడక. ఇంతలో ముసురు పట్టింది. సరిగ్గా మంచం మీదే ధార!

"తీసి పెట్టెలో పెడదామే" అన్నాడు సన్యాసయ్య.

"నీ బుర్రలో పెంకు ఊడిందా మావా? కదపొద్దన్నది కాగితాన్ని. ఇంటిని కాదుగా!"

ఇంకేముంది! ముగ్గురూ నడుం బిగించి, ఇల్లు ఊడదీసి, నాలుగు బారలు పక్కకి జరిపి కట్టారు. మంచం ఆరుబయట మిగిలింది. దాని మీద కప్పు కారడం మానేసింది, వాన సూటిగానే పడింది. కాగితం మీద గంప బోర్లించి, అది ఎగిరిపోకుండా సింహాద్రిని పైన కూర్చోబెట్టారు.

నాలుగో ఏడు పొరుగింటి రామినాయుడు పరిగెత్తుకొచ్చాడు. "షేర్ల ధరలు సగానికి పడ్డాయే పైడమ్మా! నేను అమ్మేశాను, నువ్వూ అమ్మెయ్!"

"మరిది గంప దిగితే కదా నాయుడూ!"

పడ్డ ధరలు రెండేళ్ళకి లేచాయి. నాయుడు నెత్తి కొట్టుకున్నాడు. సింహాద్రి గంప దిగలేదు.

పదేళ్ళు నిండాక గోవిందు వచ్చి ఆ వైభోగం చూసి కూలబడ్డాడు. "కాగితం చిరిగినా ఏం కాదత్తా, లెక్కంతా కంప్యూటర్లో ఉంది. నీ డబ్బు అయిదింతలైంది! ఇక అమ్మేసి స్లాబు వేసుకో."

"అంత ఎలా పెరిగిందిరా?"

"చిన్నగా మొదలెట్టావు, ఓపిగ్గా వదిలేశావు. మిగతాదంతా కాలమే చేసింది."

పైడమ్మ కళ్ళు దీపాల్లా మెరిశాయి.

ఆర్నెల్లకి గోవిందు మళ్ళీ వచ్చేసరికి కుంభవృష్టి. ముగ్గురూ పెరట్లో తడిసి ముద్దవుతున్నారు. వాళ్ళ ముందు మోకాలెత్తు ఇల్లు! స్లాబుంది, తలుపులున్నాయి, కిటికీలకి రంగులున్నాయి.

"ఇదేంటత్తా? ఇందులో పిల్లి కూడా పట్టదు!"

"ష్, బెదరగొట్టకురా! ఇప్పుడే కదా మొదలెట్టాం. పదేళ్ళలో మేడైపోదూ?"

"మరి పాతిల్లేదీ?"

"పీకించేశాం" అంది పైడమ్మ చీర కొంగు పిండుకుంటూ. "ఇది పెరగడానికి చోటుండొద్దుట్రా, తెలివితక్కువ వెధవా!"