ఈకల గురించి మాట్లాడకూడదు

అనగనగా, అడవి అయిపోయి నీళ్లు మొదలయ్యే చోట ఒక పెద్ద మడుగు ఉండేది. ఎక్కడెక్కడి పక్షులో, కప్పలో అక్కడ చేరి బతికేవి. ఎవరి పద్ధతి వాళ్లదే. కొంగలు ఒంటికాలి మీద నిలబడి సూర్యుడికి దండం పెట్టేవి. కప్పలు వానదేవుడి కోసం గొంతు చించుకునేవి. ఒక కాకి చనిపోతే కాకులన్నీ దాని చుట్టూ చేరి గోలగోలగా ఏడ్చేవి.

చలికాలం రాగానే మంచుకొండలు దాటి బాతులు వచ్చేవి. వాటిదీ ఒక పద్ధతి. అంత దూరపు ప్రయాణంలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు దారిలోనే రాలిపోయేవారు. అందుకని వచ్చిన నెలంతా, రోజూ పొద్దుగూకే వేళ, ఒక్కో బాతు తన రొమ్ము మీది మెత్తని ఈక ఒకటి పీకి నీళ్ల మీద వదిలేది. "పోయినవాళ్లారా, మీరూ చేరుకున్నారు" అనేది. ఆ ఈకల పక్కనే పడుకునేది. ఈకల్ని వదిలి వెళ్లడమంటే పోయినవాళ్లను దారిలో వదిలేసినట్టేనని వాటి నమ్మకం.

ఆ ఒడ్డునే ఒక ఎండుచెట్టు తొర్రలో గలగల అనే గోరింక ఉండేది. తొర్రలో దానికి ఇంకా రెక్కలు రాని పిల్లలు. ఎవరి గొంతైనా గలగలకు ఇట్టే పట్టుబడిపోయేది. సాయంత్రమైతే చాలు, అందరినీ అనుకరించి నవ్వించేది. మడుగుకు పెద్ద గూడబాతు తాత. ఆయన సంచిముక్కు వేలాడేసుకుని ఎలా దగ్గుతాడో చేసి చూపిస్తే, ఆ తాతే అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

ఒక సాయంత్రం గలగల బాతుల వేషం కట్టింది. ఒక ఎండుటాకు తుంచి నీళ్లలో వేసింది. అచ్చం తెల్లమ్మ అనే బాతు గొంతుతో, "అయ్యో ఈకా! చలేస్తోందా? దుప్పటి కప్పనా?" అంది.

మడుగంతా పడీపడీ నవ్వింది. మీరున్నా నవ్వేవాళ్లే, నాకు తెలుసు. బాతులు మాత్రం నవ్వలేదు.

తెల్లమ్మ కూతురు ఆ ఏడే మొదటిసారి కొండలు దాటబోయి, మంచులో పడిపోయింది. తెల్లమ్మ రోజూ ఈక వదిలేది ఆ కూతురికే. ఆమె ముక్కు రెక్కలో దాచుకుని నిలబడిపోయింది.

ఆమె తమ్ముడు కొండడు ఊరుకోలేదు. బుసలు కొడుతూ చెట్టు కిందికి వచ్చాడు.

"దిగవే కిందికి! ఆ ముక్కు విరిచేస్తాను. నీ పిల్లల్ని తొర్రలోంచి లాగి నీళ్లలో పడేస్తే అప్పుడు తెలుస్తుంది నీకు!"

గలగల రెక్కలు చాపి తొర్రకు అడ్డం నిలబడింది. "తమాషాకి అన్నాను బాబూ. ఈక వెనక ఇంత కథ ఉందని నాకు తెలియదు" అంది.

"తెలియకపోతే అడగాలి. ముందే నవ్వుతారా?" అన్నాడు కొండడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

గొడవ ముదిరేలా ఉందని గూడబాతు తాతకు భయం పట్టుకుంది. "ఇవాళ్టి నుంచి ఒకరి మొక్కు గురించి ఇంకొకరు నోరెత్తకూడదు. ఎత్తినవాళ్లు పిల్లాపాపలతో సహా మడుగు విడిచి పోవాలి" అని కట్టుబాటు పెట్టేశాడు. నీకేం కావాలమ్మా అని తెల్లమ్మను అడిగినవాళ్లే లేరు.

మర్నాడు కొంగలు వచ్చాయి. "తాతా, మా దండాన్ని ఒంటికాలి దండం అంటున్నారు. మాకు కష్టంగా ఉంది. కాలు అనే మాటే ఎవరూ అనకూడదు" అన్నాయి. తాత సరేనన్నాడు.

తర్వాత కప్పలు వచ్చాయి. "వాన మా దేవుడిది. వస్తుందనీ రాదనీ చెప్పడానికి వీళ్లెవరు?" అన్నాయి. తాత దానికీ సరేనన్నాడు.

ఆ తర్వాత కాకులు వచ్చాయి. "చావు మాకు పవిత్రం. మా ముందు ఆ ఊసు ఎత్తకూడదు" అన్నాయి. బాతులకు ఒప్పుకుని కాకులకు కాదంటే ఎలా? తాత తల ఊపేశాడు.

ఇక చూడండి అవస్థ. కుంటుతున్న పిట్టను ఏమైందని అడగకూడదు. మబ్బు పట్టినా గూళ్లు సర్దుకోమని చెప్పకూడదు. ఎవరైనా కనిపించకపోతే ఉన్నారో పోయారో అడగకూడదు. తల్లులు పిల్లల నోళ్లు రెక్కలతో మూసి కూర్చునేవి. ఎవరు ఏ మాటకు నొచ్చుకుంటారో, ఎవరు వెళ్లి తాతకు చెబుతారో అని ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవి. అంత పెద్ద మడుగులో తిండి నమిలే చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

ఆ రోజుల్లోనే కొండ మీద నీళ్లెండిపోయి ఒక అడవిపిల్లి కిందికి దిగింది.

తెల్లవారుజామున పిల్లలకు పురుగులు ఏరడానికి వెళ్లిన గలగల దాన్ని చూసింది. అడవిపిల్లి గడ్డిలో నక్కి నీటి అంచు వెంబడే నడుస్తోంది. ఒడ్డుకు అంటుకున్న ఒక ఈకను వాసన చూసింది. ఇంకో ఈక దగ్గర ఆగింది. బాతులు శత్రువులకు దొరక్కుండా రోజుకో చోట పడుకుంటాయి. కానీ అవి ఎక్కడ పడుకున్నాయో ఈకలే చెప్పేస్తున్నాయి!

అడవిపిల్లి తలెత్తి గలగలను చూసింది. కంగారు కూడా పడలేదు.

"వెళ్లి చెబుతావా గోరింకమ్మా?" అంది తీరిగ్గా. "ఏమని చెబుతావు? మీ ఈకలే మీకు ముప్పు అని బాతులతో అంటావా? అనగలవా? మీ తాత పెట్టిన కట్టుబాటు విన్నాను. నాకు భలే నచ్చింది."

అరిస్తే కట్టుబాటు తప్పినట్టు. కట్టుబాటు తప్పితే మడుగు విడిచిపోవాలి. ఎగరలేని పిల్లల్ని ఎలా మోసుకుపోతుంది? గలగల ముక్కు తెరిచింది. మళ్లీ మూసేసింది.

ఆ ఉదయం బాతుల్లో అందరికన్నా పెద్దవాడైన ముసలిబాతు కనిపించలేదు. ఎవరూ అడగలేదు. అడిగితే చావు ఊసు ఎత్తినట్టవుతుందని భయం.

గలగల తాత దగ్గరికి పరుగెత్తింది. "తాతా, బాతుల ఈకలున్నాయే..." అనబోయింది.

"అమ్మా, నీకు దండం పెడతాను, ఆ మాట నా చెవిన వెయ్యకు!" అని తాత నీళ్లలో ముక్కు ముంచేశాడు. మళ్లీ ఎంత పిలిచినా పైకి తియ్యలేదు. నాకైతే పిల్లి మీద కన్నా ఈ తాత మీదే ఎక్కువ మండుతుంది. పిల్లికి ఆకలి వేసింది. ఈయనకేం వచ్చింది?

పగలంతా గలగల పిల్లలకు తినిపిస్తూనే ఉంది కానీ మనసు మనసులో లేదు. పొద్దు వాలుతోంది. బాతులు మళ్లీ ఈకలు పీకడానికి సిద్ధమవుతున్నాయి. ఇవాళ ఎవరి వంతో! ఇక ఉండబట్టలేక, పిల్లల వైపు ఒకసారి చూసుకుని, ఎగిరి తెల్లమ్మ ముందు వాలింది.

"తెల్లమ్మక్కా, ఆ రోజు నీ గొంతుతో నవ్వించాను. సిగ్గుపడుతున్నాను. కానీ ఇవాళ నవ్వించడానికి రాలేదు. నీ ఈకల గురించే మాట్లాడాలి."

మాట పూర్తికాకముందే కొండడు దాని రెక్క కరిచి పట్టుకున్నాడు. "కట్టుబాటు తప్పింది! అందరూ విన్నారుగా!" అని పట్టిన పట్టు వదలకుండానే ముక్కు సందులోంచి అరిచాడు.

"వదులు తమ్ముడూ" అంది తెల్లమ్మ.

"అక్కా! నీ కూతురి ఈకను నవ్వులపాలు చేసింది ఇదే!"

"నాకు తెలియదా? ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటూనే ఉంది. ఆ నొప్పి నాది, దాన్ని నేను చూసుకుంటాను. దాని నోరు దానిది. చెప్పనీ. తప్పయితే తప్పని నేనే చెబుతాను."

గలగల చూసిందంతా చెప్పింది. పొద్దున చూసి కూడా నోరు మెదపలేదని ఒప్పుకుంది.

"అబద్ధం! మన మొక్కు మాన్పించడానికి ఎత్తు వేసింది" అన్నాడు కొండడు. "అబద్ధమని తేలితే రేపు పొద్దున్నే నీ తొర్ర ఖాళీ అయిపోవాలి."

తెల్లమ్మ మెల్లగా, "ఇవాళ కూడా ఈకలు ఇక్కడే వదులుదాం. పడుకోవడం మాత్రం అవతలి ఒడ్డున" అంది.

బాతులన్నీ ఉలిక్కిపడ్డాయి. పోయినవాళ్లను ఒంటరిగా వదిలేయడమా? తెల్లమ్మకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయినా కూతురి ఈకను వదిలి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ అవతలికి ఈదింది.

ఆ రాత్రి గలగలకు కంటిమీద కునుకు లేదు. పిల్లి రాకపోతే తన పిల్లల గతేమిటి? వస్తే, అది ఇంకెవరినైనా పట్టుకుపోతే?

తెల్లవారింది. మంచు తెరలోంచి ఈకలున్న ఒడ్డు కనిపిస్తోంది. గడ్డి కదిలింది. అడవిపిల్లి ఈకల వరుస వెంబడే పాక్కుంటూ వచ్చి, ఒక్క ఉదుటున దూకింది. దాని పంజాల కింద ఉత్త బురద. బాతులన్నీ ఒక్కసారిగా కేకలు పెట్టాయి. మడుగులోని పక్షులన్నీ లేచాయి. ఇంతమంది తన మీదికి అరుస్తుంటే పిల్లి తోక ముడుచుకుని అడవిలోకి పారిపోయింది.

ముసలిబాతు ఏమైందో అప్పుడు అందరికీ అర్థమైంది. కొండడు తల దించుకుని ఏడ్చాడు. "మా పెద్దాయన పోయిన పొద్దున్నే నువ్వు మా దగ్గరికి రావాల్సింది" అన్నాడు గలగలతో.

"వస్తే విని ఉండేవాడివా?" అంది గలగల.

గూడబాతు తాత అందరి మధ్యకూ వచ్చి దగ్గాడు. "సరే, కట్టుబాటు తీసేస్తాను. మరి రేపు ఎవరైనా మళ్లీ ఎగతాళి చేస్తే ఏం చెయ్యమంటావమ్మా తెల్లమ్మా?"

"చేస్తే నాకు ఏడుపొస్తుంది తాతా. వాళ్ల ఎదురుగా వచ్చి, ఎందుకు ఏడుపొచ్చిందో చెబుతాను. మీరంతా నిలబడి వినండి, నాకు అది చాలు" అంది తెల్లమ్మ. "కానీ నా ఏడుపు అడ్డం పెట్టుకుని ఇంకొకరి నోరు మూయించకండి. మా పెద్దాయన చివరిసారి అరిచే ఉంటాడు. మనమంతా ఇక్కడే ఉన్నాం. ఆ పొద్దున ఏమైందని అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదు."

నీతి: మనసు నొప్పించిన మాటకు మాటతోనే బదులు చెప్పాలి, నోళ్లు మూయిస్తే ముప్పు వచ్చినప్పుడు హెచ్చరించే నోరు కూడా మూతపడుతుంది.