బొరుగులవీధికి రాజుగారి వీడ్కోలు

ఒకానొక రాజ్యంలో, అంటే ఎంతో పెద్దదనుకునేరు, మూడు రోజులు నడిస్తే అవతలి పొలిమేర వచ్చేసేంత రాజ్యంలో, వేగులకోట అని ఒక ఊరుండేది. పట్నం అందామంటే పట్నం కాదు, పల్లె అందామంటే పల్లే కాదు. సంత రోజున ఒకరినొకరు తోసుకుంటూ నడవాలి. మర్నాడు పలకరించడానికి మనిషి దొరకడు. అలాంటి ఊరు.

ఆ ఊరికి రాజు మార్తాండభూపతి. చెడ్డవాడు కాదు. కాకపోతే తన మాటంటే తనకు మహా ముద్దు. "మా నోట వెలువడిన ప్రతి మాటా శాసనమే" అని గద్దెనెక్కిన రోజే చాటింపు వేయించాడు. సింహాసనం మీద కూర్చుని ఆయన ఏమన్నా సరే, రాయసగాడు తాటాకు మీద రాసి అప్పటికప్పుడు ముద్ర వేయాలి. ముద్ర పడ్డాక దాన్ని కొట్టేయడానికి రాజుక్కూడా అధికారం లేదు. ఒకసారి నిండు సభలో "అబ్బా, దోమ!" అన్నాడట. అదీ శాసనమే. ఎవరికి వర్తిస్తుందో ఇప్పటికీ తేలలేదు.

కోట గుమ్మానికీ అంగడికీ నడుమ బొరుగులవీధి ఉండేది. నలభై రెండిళ్ళు. ఇంటింటికీ ఒక బట్టీ. తెల్లారేసరికి మూకుళ్ళలో ఇసుక కాగేది, బియ్యం పోస్తే చిటచిటమని పొంగేవి. అంగడి పక్కనే ఉంది గనక వేడివేడిగా అమ్ముడయ్యేవి. కానీ వీధి మధ్యలో మోచేయిలా ఒక వంపు. అక్కడ రెండు బండ్లు ఎదురుపడితే ఏదో ఒకటి వెనక్కి నడవాల్సిందే. వానాకాలం వస్తే మురుగునీళ్ళకు దారి లేక మోకాలి లోతు నిలిచేవి. కాలువ తవ్వించండి మహాప్రభో అని పదకొండేళ్ళుగా విన్నపాలు పెట్టుకుంటున్నారు పాపం.

ఇలా ఉండగా రాజుగారు పొరుగున ఉన్న చక్రవర్తి నగరానికి చుట్టపుచూపుగా వెళ్ళొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ తిండి సయించలేదు. "అక్కడ పదహారు గుర్రాల రథం గీత గీసినట్టు పోతోంది. మన ఊళ్ళో మా రథం బొరుగులవీధి వంపు దగ్గర ఆగి, గుర్రాలు విప్పి, మనుషులు తోస్తే గానీ కదలదు. ఏం పరువు మనది!"

పురనిర్మాణం చూసే మంత్రి అచ్యుతప్ప ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. మూడో రోజుకల్లా భటులు వచ్చి నలభై రెండిళ్ళ గోడల మీదా జాజుతో ఎర్రటి అడ్డగీతలు గీసి పోయారు. గీత పడ్డ ఇల్లు పడిపోతుందని, అక్కడ తిన్నగా రాజవీధి వస్తుందని అర్థం.

ఆ పొద్దున వీధి వీధంతా ఓబుళమ్మ బట్టీ ముందు చేరింది. ఓబుళమ్మ అందరిలోకీ పెద్దది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ బట్టీ ముందే కూర్చుంది.

"మనం అడిగిందేంది, వచ్చిందేంది!" అని నెత్తి కొట్టుకుందొకావిడ. "కాలవ అడిగితే రాజవీధి ఇస్తారా?"

"ఊరు బాగుపడొద్దా ఏంది?" అన్నాడు పెంచలయ్య. అతనిది వంపులో ఇల్లు, బండ్లు గుద్దీ గుద్దీ గోడ సగమైంది. "నిరుడు మా నాయనకు పాణం మీదికొస్తే వైద్యుడి బండి ఈ మలుపు దాటలేకపోయింది. దారి వెడల్పు కావాల్సిందే. అందుకు నా ఇల్లు పోవాలంటేనే కడుపు రగులుతోంది."

"ఏటవతల కొత్తపేటలో స్థలాలిస్తారంట గదా?" అన్నారెవరో.

"ఆ రాళ్ళగుట్టలోనా? నీళ్ళు లేవు, మనిషి పొడ లేదు. అక్కడ వేయించి అంగడికి మోసుకొచ్చేలోగా బొరుగులు మెత్తబడి పోతాయి. మెత్తబడ్డ బొరుగులు ఎవడు కొంటాడు, నువ్వు కొంటావా?"

ఓబుళమ్మ కట్టెలు లోపలికి తోసి, మూలన కూర్చున్న తిప్పన్న వైపు తిరిగింది. తిప్పన్న ఆమె చెల్లెలి కొడుకు. ఆ వీధిలోనే పుట్టి పెరిగి, నోటి చలవ వల్ల రాజుగారి కొలువులో విదూషకుడయ్యాడు.

"ఏరా తిప్పా, నీ మాటలకు రాజు పడీపడీ నవ్వుతాడంట గదా. నాకు నవ్వొద్దు. ఈ గడప ఒక్కటి నిలబెట్టు నాయనా. చచ్చేదాకా ఈ పొయ్యి ముందే కూర్చుంటాను, అంతకు మించి నాకేమీ వద్దు."

తిప్పన్న ఆ పూటే కొలువుకు పోయి, చమత్కారాలన్నీ పక్కన పెట్టి, మామూలు మనిషిలా చేతులు కట్టుకుని బతిమాలాడు. వంపు దగ్గర నాలుగిళ్ళు కాస్త వెనక్కి జరిపితే రథం పడుతుంది, అందర్నీ లేపక్కర్లేదు ప్రభూ అన్నాడు. రాజు ఆవులించాడు. రాయసగాడు ఆవులింత కూడా రాసుకున్నాడు.

"తిప్పన్నా, నువ్వు నవ్వించడానికి ఉన్నావు గానీ ఏడిపించడానికి కాదు" అన్నాడు అచ్యుతప్ప. "పౌర్ణమికి చక్రవర్తిగారి రాయబారి వస్తున్నాడు. ఆయన ఎదుట వీధివాళ్ళంతా సభకు వచ్చి, తాంబూలం పుచ్చుకుని, సంతోషంగా సెలవు తీసుకోవాలి. ప్రజలు నవ్వుతూ ఇళ్ళు వదిలి పోతున్నారని ఆయన వెళ్ళి అక్కడ చెప్పాలి. ఏర్పాట్లన్నీ అయిపోయాయి."

ఏడుస్తున్నవాడి చేత నవ్వించి పంపడం! ఏం మనుషులో ఏమో!

తిప్పన్న మాత్రం "తాంబూలమిచ్చి పంపుతారా?" అని మళ్ళీ అడిగాడు. అవునన్నారు. అతను తల గీరుకుంటూ తిన్నగా బొరుగులవీధికి వచ్చి అందరికీ ఒకటే చెప్పాడు. "రాజుగారి ముందు ఏడవొద్దు, తిట్టొద్దు. చుట్టాలింటి నుంచి బయల్దేరేటప్పుడు ఏమంటారో ఆ మాటొక్కటే అనండి. గుమ్మం దాకా నడిచి నా వైపు చూడండి."

పౌర్ణమి వచ్చింది. సభ కిటకిటలాడిపోతోంది. రాయబారి రాజుగారి పక్కన కూర్చున్నాడు. తెర వెనక రాజమాత. రాజుగారి చేతిలో మంత్రి రాసిచ్చిన చీటీ. ఒక్కొక్కరికీ తాంబూలమిచ్చి "ఇక పొండి" అనాలని అందులో ఉంది.

ముందు ఓబుళమ్మ వచ్చింది. తాంబూలం కొంగులో పుచ్చుకుని, రెండు చేతులూ జోడించి, "వెళ్ళొస్తాను మహారాజా" అంది.

రాజు చీటీ చూసి నోరు తెరిచాడు. తెర వెనక రాజమాత చిన్నగా దగ్గింది. కొంగున ఆకూ వక్కా పెట్టుకుని వెళ్ళొస్తానన్న ముత్తవ్వను పట్టుకుని ఎవడైనా "పో" అంటాడా? పగవాడు కూడా అనడు. మళ్ళీ రాకపోతే బాగుండునని కోరినట్టు కాదూ! అన్నం తిన్న నోరు గనక రాజుగారి నాలుక దాని దారిన అది తిరిగింది.

"వెళ్ళి రా అమ్మా" అన్నాడు.

రాయసగాడు రాశాడు. ముద్ర పడింది.

తర్వాత పెంచలయ్య. "వెళ్ళొస్తాం దొరా." "వెళ్ళి రండి." ముద్ర. అలా నలభై రెండిళ్ళవాళ్ళూ వెళ్ళొస్తామన్నారు, నలభై రెండుసార్లూ రాజు వెళ్ళి రండన్నాడు. రాయబారి మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు. అచ్యుతప్పకు మాత్రం ఏదో తేడాగా ఉంది గానీ ఏమిటో అంతు పట్టలేదు.

జనం గుమ్మం దాకా నడిచారు. తిప్పన్న కళ్ళెగరేశాడు. అందరూ గిర్రున వెనక్కి తిరిగి, బిలబిలమంటూ మళ్ళీ సభలోకి వచ్చేశారు.

"ఏమిటిది! మళ్ళీ వచ్చారేం?" అని గద్దించాడు రాజు.

తిప్పన్న ముందుకొచ్చాడు. "ప్రభువులు వెళ్ళమన్నారు, వెళ్ళారు. రమ్మన్నారు, వచ్చారు. నలభై రెండు శాసనాలున్నాయి ప్రభూ, ముద్రలింకా తడి ఆరలేదు."

"అదేదో మాటవరసకు అన్నది!" అని అంతెత్తున లేచాడు అచ్యుతప్ప.

"ప్రభువుల మాట మాటవరసా? అయ్యా రాయసంగారూ, మంత్రిగారన్నది కూడా కాస్త రాసుకోండి."

అచ్యుతప్ప గబుక్కున కూర్చున్నాడు.

"పోనీ ప్రభూ" అన్నాడు తిప్పన్న చాలా వినయంగా, "వీళ్ళు రాకూడదనుకుంటే దానికేం భాగ్యం. తాంబూలం పట్టుకున్న ఈ ముత్తవ్వ మొహం చూసి 'పో' అని ఒక్కసారి అనండి. చాలు."

రాజు ఓబుళమ్మను చూశాడు. తెర వైపు చూశాడు. రాయబారిని చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఇక ఆగలేక పకపకా నవ్వేశాడు. సభంతా గొల్లుమంది. "దొరికిపోయాం తిప్పన్నా, దొరికిపోయాం! బొరుగులవీధివాళ్ళు తిరిగి వచ్చేసినట్టే. ఇది మా మాట!" అని తన చేతి కడియం తీసి తిప్పన్నకు తొడిగాడు.

ఓబుళమ్మ తిప్పన్న గడ్డం పుచ్చుకుని ఏడ్చేసింది. పెంచలయ్య అతన్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. కేరింతలు కొట్టుకుంటూ అందరూ ఇళ్ళకు బయల్దేరారు.

ఇక్కడితో ఆపేస్తే నాకూ హాయిగా ఉండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి గదా.

అచ్యుతప్ప పని తెలిసిన మంత్రి. మనుషులుండగా ఇళ్ళు కూలిస్తే ఏడుపులూ పెడబొబ్బలూ. అందుకని జనం సభకు బయల్దేరగానే అటు నుంచి ఏనుగుల్ని తోలమని ముందే చెప్పి ఉంచాడు. రాయసగాడు ఇక్కడ నలభై రెండో ముద్ర వేస్తుండగా అక్కడ ఆఖరి గోడ పడింది.

వీళ్ళు వెళ్ళేసరికి వీధి లేదు. అంగడి దగ్గర నిలబడితే కోట గుమ్మం తిన్నగా కనబడుతోంది. మధ్యలో మట్టి, దుమ్ము, దూలాలు. ఏ ఇల్లు ఎక్కడుండేదో పుట్టి పెరిగినవాళ్ళే పోల్చుకోలేకపోయారు. నీ గోడ ఇది కాదు నాదంటే నాదని ఇద్దరు కాసేపు దెబ్బలాడుకుని, దేనికి దెబ్బలాడుతున్నారో గుర్తొచ్చి కూలబడిపోయారు.

ఓబుళమ్మ వంగి మట్టిలో నల్ల ఇసుక కోసం వెతికింది. బట్టీ ఇసుక నల్లగా ఉంటుంది. కానీ వీధంతా బట్టీలే గనక ఎక్కడ చూసినా నల్ల ఇసుకే.

"తిప్పా, నా గడప యాడుందిరా?"

తిప్పన్న అక్కణ్ణుంచే కోటకు పరుగెత్తాడు. రొప్పుకుంటూ రాజు ముందు పడి జరిగింది చెప్పాడు.

రాజుగారికి అప్పటికి చమత్కారం బాగా వంటబట్టింది. "మేము రమ్మన్నాం, వచ్చారు. ఇల్లు ఇస్తామన్నామా? రాయసం, చూడు."

రాయసగాడు నలభై రెండు ఆకులూ తిరగేశాడు. "లేదు ప్రభూ. రమ్మని మాత్రమే ఉంది."

"పోనీ, ఆ కొత్తపేట స్థలాలైనా..." అన్నాడు తిప్పన్న.

"అవి వెళ్ళిపోయినవాళ్ళకయ్యా" అన్నాడు అచ్యుతప్ప మెత్తగా. "వీళ్ళు తిరిగొచ్చేశారు గదా. తెచ్చింది నువ్వే."

రాజు తొడ చరుచుకుని నవ్వాడు. తిప్పన్నకు అప్పుడు తెలిసొచ్చింది. ఊరకుంటే రాళ్ళగుట్టైనా దక్కేది. తన తెలివితో అదీ పోగొట్టాడు.

కడియం తీసుకెళ్ళి ఓబుళమ్మ ఒడిలో పెడితే ఆమె తిప్పి తిప్పి చూసింది. "దీన్ని కాల్చి బియ్యం పోస్తే పొంగుతాయా నాయనా?" అంది. తిట్టడం కోసం అన్నది కాదు. నిజంగానే అడిగింది. ముసలిదానికి ఆ రోజు నుంచీ మతి అంత సరిగ్గా లేదు.

రాజవీధి తయారైంది. మురుక్కాలువ మాత్రం మరిచిపోయారు. నలభై రెండు కుటుంబాలవాళ్ళూ పోయేందుకు ఇంకో చోటు లేక దాని అంచునే గోనెపట్టాలు కట్టుకుని, మూడు రాళ్ళ మీద మూకుడు పెట్టుకుని కూర్చున్నారు. రథం వస్తే భటులు తరుముతారు. మూకుళ్ళు నెత్తిన పెట్టుకుని పరుగెడతారు. రథం పోయాక మళ్ళీ వచ్చి కూర్చుంటారు.

రాజుగారికి మాత్రం ఆ వెళ్ళిరండి కథ ప్రాణంతో సమానమైపోయింది. ఏ అతిథి వచ్చినా భోజనాలు కాగానే "తిప్పన్నా, చెప్పు!" అంటాడు. తిప్పన్న చెబుతాడు. రాజు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వి ఏదో ఒకటి బహుమతి ఇస్తాడు. కొలువు మానేస్తే గోనెపట్టాల కిందికి ఆ నాలుగు గింజలు కూడా చేరవు గనక తిప్పన్న చెబుతూనే ఉన్నాడు.

ఓసారి దక్షిణాది నుంచి ఒక పండితుడు వచ్చాడు. కథ విన్నాడు, కడుపారా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ, "ఇంతకీ ఆ జనం ఇళ్ళకు చేరారా?" అనడిగాడు.

అన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. రాజు మంత్రిని చూశాడు. మంత్రి తిప్పన్నను చూశాడు.

తిప్పన్న చేతులు కట్టుకున్నాడు. "ప్రభువులు రమ్మన్నారు గదండీ, వస్తూనే ఉన్నారు. ఇంకా దారిలోనే ఉన్నారు."

రాజుకు ఒక్క క్షణం అందలేదు. అందాక సింహాసనం అదిరేలా నవ్వి, "భళా తిప్పన్నా!" అని మెడలో ముత్యాల హారం తీసి విసిరాడు. రాయసగాడు ఆ నవ్వును కూడా రాసుకుని ముద్ర వేశాడు.