రెప్ప వాల్చని రాజు

ఒక కంప్యూటర్ లోపల ఒక రాజు ఉండేవాడు. బయటివాళ్ళు ఆయన్ని కెర్నల్ అంటారు, లోపలివాళ్ళకు ఆయనే ప్రభువు. ఆయనకు రెండు కొలువులున్నాయి. ఒకటి ముప్పైరెండు అంకణాలది, రెండోది అరవైనాలుగు అంకణాలది. నిద్ర లేచి ఏ కొలువులో కూర్చుంటే, మళ్ళీ నిద్రపోయేదాకా అదే.

రాజు ఎక్కడున్నాడో చూసి చెప్పడానికీ, ఈసారి లేచాక ఎక్కడ కూర్చోవాలో గుర్తు మార్చడానికీ ఒక ఉద్యోగి ఉండేవాడు. రాజు ఎక్కడున్నాడో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. అయినా చెప్పడానికి ఒక మనిషి ఉంటేనే కదా దర్బారుకు అందం.

ఒకరోజు బొమ్మలు అతికే ఆమె పెద్ద మూటతో వచ్చింది. ఎవరింట్లోనో జరిగిన పెళ్ళిలో తీసిన బొమ్మలవి. అన్నీ ఒకేసారి పరిచి అతికితే గాని, రాజు పడుకున్నా చెరగని భద్రమైన గదిలోకి పోవు. రాజు అప్పుడున్న చిన్న కొలువులో సగం కూడా పట్టలేదు. మిగతావి వాకిట్లో పెట్టుకుని, తొక్కకండి బాబూ అని వచ్చేపోయేవాళ్ళను బతిమాలుతూ కూర్చుంది.

"అయ్యా, పెద్ద కొలువు ఇప్పించండి," అంది ఉద్యోగితో.

అతను అక్కడికక్కడే గుర్తు మార్చాడు. "అయిపోయిందమ్మా. ఇక పెద్దదే."

"మరి రాజుగారు ఇంకా ఇక్కడే ఉన్నారే?"

"నిద్రపోయి లేస్తే అటు వెళతారు."

"ఎప్పుడు పడుకుంటారు?"

ఉద్యోగి నొచ్చుకున్నాడు. "మా ప్రభువు పడుకోరు. పక్క కంప్యూటర్ రాజు వారానికోసారి కునుకు తీస్తాడట, సిగ్గులేకుండా. మావారైతే కొలువెక్కింది మొదలు రెప్ప వాల్చలేదు."

అది ఆ దర్బారు పరువు. నిద్ర మాట ఎత్తడమే తప్పు. రాజు మాట తడబడుతుంటే అది గాంభీర్యం అన్నారు. ఇచ్చిన ఆజ్ఞే మళ్ళీ ఇస్తుంటే అది పట్టుదల అన్నారు. రోజూ పొద్దున్నే ఉద్యోగి, "ఇప్పటిది చిన్న కొలువు, రాబోయేది పెద్ద కొలువు" అని ప్రకటించేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. వాకిట్లో కూర్చున్న ఆమెను చూస్తే ఎవరికైనా జాలేస్తుంది, అక్కడ మాత్రం ఎవరికీ వేయలేదు.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. రాజు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. ఎవరి సామాను వాళ్ళు సర్దుకోండని చెప్పే వ్యవధి కూడా లేకపోయింది. కొలువులోవీ, వాకిట్లోవీ, బొమ్మలన్నీ పోయాయి.

కరెంటు వచ్చాక రాజు పెద్ద కొలువులో లేచాడు. ఉద్యోగి శాలువా కోసం ముందే వంగి నిలబడ్డాడు. అంత పెద్ద కొలువు మధ్యలో బొమ్మలు అతికే ఆమె ఒక్కతే, మూట కట్టిన ఉత్త గుడ్డ చేత్తో పట్టుకుని ఉంది.

"నీకేం కావాలమ్మా?" అన్నాడు రాజు.

"ఇంకేమీ అక్కర్లేదు ప్రభూ."

రాజు తృప్తిగా దర్బారు వైపు తిరిగాడు. "విన్నారుగా. మా ఏలుబడిలో ఎవరికీ ఏమీ అక్కర్లేదని చాటించండి."