రాయి కాబోయిన రాకాసి గద్ద

అనగనగా ఒక అడవిలో... ఆగండాగండి, మీరనుకునే అడవి కాదు. మనుషులింకా పుట్టని కాలం నాటి అడవి. అందులో రాకాసి గద్దలుండేవి. ఒక్కోటి రెక్కలు చాపితే మన వసారా మొత్తం నిండిపోయేది. ఇప్పుడవి లేవు. వాటి ఎముకలే అక్కడక్కడ రాళ్లలో దొరుకుతుంటాయి. ఒరే మురారీ, కిటికీ వైపు అలా చూడకు, లేవన్నానుగా!

ఆ గద్దల్లో గండ్రముక్కు అని ఒకడున్నాడు. మంచివాడే కానీ సోకులెక్కువ. వేటకెళ్లే ముందు మడుగులో ముఖం చూసుకునేవాడు. తోక ఈకలు సవరించుకునేవాడు. మళ్లీ చూసుకునేవాడు. ఈలోగా కుందేళ్లన్నీ హాయిగా మేసి ఇళ్లకు వెళ్లిపోయేవి.

వాడి పెళ్లాం పేరు చుక్కరెక్క. ఆవిడ కొత్తగా గుడ్డు పెట్టింది. ఒకే ఒక్క గుడ్డు. ఆ గద్దల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. గుడ్డు పెట్టాక అమ్మ దాని మీంచి లేవకూడదు. లేస్తే గుడ్డు చల్లారిపోతుంది. అమ్మకు తిండి తేవాల్సింది నాన్నే.

ఒకరోజు గండ్రముక్కు ఒక పందికొక్కును తరుముతూ వాగు పక్క కొండ దగ్గరికొచ్చాడు. అక్కడ జంతువులన్నీ గుంపుగా నిలబడి ఒక రాయిని చూస్తున్నాయి. ఆ రాతిలో ఎప్పటిదో ఒక చేప, ముళ్లతో సహా అచ్చు పడి ఉంది.

"అబ్బ, ఎంత బాగుందో!" అంది దుప్పి.

"చచ్చి ఎన్ని వేల ఏళ్లయిందో! చూడు, ఇప్పటికీ ఎంత ఠీవిగా ఉందో!" అంది కోతి.

గండ్రముక్కు వచ్చి వాలినా ఒక్కటీ పారిపోలేదు. కనీసం తల తిప్పి చూడలేదు. వాడికి ఒళ్లు మండిపోయింది. వాడు తరుముకొచ్చిన పందికొక్కు కూడా అక్కడే ఆగి చేపను చూస్తోంది, ఎంత పొగరు!

గండ్రముక్కు నేరుగా తాబేటి తాత దగ్గరికెళ్లాడు. "తాతా, ఆ చేప రాయెలా అయింది?"

"బురదలో పడింది నాయనా. బురద గట్టిపడి రాయైంది. కాకపోతే ముందు చచ్చిపోవాలి" అన్నాడు తాత.

"ఆ చావు సంగతి తర్వాత చూద్దాం తాతా. ముందు పోజు కుదరాలి" అని గండ్రముక్కు తుర్రుమన్నాడు.

మొదటిరోజు వెళ్లి మడుగు పక్క బురదలో వెల్లకిలా పడుకున్నాడు. రెక్కలు చాపాడు, ముక్కు పైకెత్తాడు. ఇంతలో నిన్నటి పందికొక్కు వచ్చి సరిగ్గా వాడి ముక్కు ముందు నుంచే నడిచి వెళ్లింది. పట్టుకుందామంటే పోజు చెడిపోతుంది! వాడు ఊపిరి బిగబట్టి ఊరుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్తే చుక్కరెక్క అడిగింది. "ఏం తెచ్చారండీ?"

"కీర్తి తెస్తున్నానే!"

"దానికి కాళ్లెన్ని? కాస్త కండ ఉంటుందా?"

వాడు చేప సంగతంతా చెప్పాడు. చుక్కరెక్క శ్రద్ధగా విని, "అందరూ అంతలా చూస్తున్నారు కదా, ఇంతకీ ఆ చేప పేరేంటండీ?" అంది.

గండ్రముక్కుకు తెలీదు. ఎవరికీ తెలీదు.

అయినా బుద్ధొచ్చిందా? రాలేదు. రెండోరోజు ఒక పక్కకు తిరిగి, ఒక కాలు పైకెత్తి పడుకున్నాడు. గోళ్లు భయంకరంగా కనబడాలట! మధ్యాహ్నానికి కాలు తిమ్మిరెక్కింది. కప్పలు దాని మీదెక్కి కూర్చున్నాయి. ఆరోజూ ఇంటికి ఉత్త ముక్కుతోనే వెళ్లాడు. పాపం చుక్కరెక్క గూటి పుల్లలు నమిలి పడుకుంది.

మూడోరోజు పోజు అద్భుతంగా కుదిరింది. బోర్లా పడుకుని, మెడ వెనక్కి తిప్పి, తోక విసనకర్రలా పరిచాడు. ఎండ హాయిగా తగులుతుంటే నిద్రపట్టేసింది. లేచేసరికి బురద గట్టిపడి కూర్చుంది. కదుల్దామంటే రెక్క రాదు, తోక రాదు.

పందికొక్కు ఈసారి పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. "రండర్రా, భయం లేదు, దగ్గరికెళ్లి చూడండి" అంది. పిల్లలు వాడి వీపు మీదెక్కి జర్రున జారుతున్నాయి.

"నాన్నా, ఇదేం పక్షి?" అని అడిగిందొక పిల్ల.

"ఏదో బాతులే అమ్మా" అంది పందికొక్కు.

బాతట! వాడు ఆ అవమానం మింగుతుండగానే దూరంగా గూడున్న చెట్టు మీంచి చుక్కరెక్క గొంతు వినబడింది. "ఏవండీ! మూడు రోజులైంది! కళ్లు తిరుగుతున్నాయి. ఇక నా వల్ల కాదు, తిండికి పోతున్నా. గుడ్డు చల్లారితే నన్ననకండి!" పాపం, ఆ గొంతులో ఏడుపుంది.

గండ్రముక్కుకు ఇక రాయీ గుర్తులేదు, కీర్తీ గుర్తులేదు. కళ్ల ముందు గుడ్డొక్కటే ఉంది. "తాతా! నన్ను లాగు!" అని గావుకేక పెట్టాడు.

తాబేటి తాత తాపీగా వచ్చి చూశాడు. "గట్టిగా గుంజితే ఒళ్లు వస్తుంది నాయనా. తోక మాత్రం రాదు."

"పోతే పోనీ!" అని కళ్లు మూసుకుని ఒక్క గుంజు గుంజాడు. పర్ర్ర్! తోక ఈకలన్నీ బురదలోనే ఉండిపోయాయి. తోక లేకపోతే ఎగరడం వంకరగా వస్తుంది కదా, దారిలో మూడు చెట్లకు గుద్దుకున్నాడు. ఎలాగో గూటికి చేరి గుడ్డు తాకి చూశాడు.

చల్లగా ఉంది.

వాడు దాన్ని పొట్ట కింద పెట్టుకుని కూర్చున్నాడు. చెవి ఆనించి విన్నాడు. చప్పుడు లేదు. అప్పుడు భోరుమని ఏడ్చాడర్రా! అంత పెద్ద గద్దా వెక్కి వెక్కి ఏడ్చాడు. చుక్కరెక్క తిని వచ్చి "లేవండి, నేను కూర్చుంటా" అన్నా లేవలేదు. ఎండొచ్చింది, వానొచ్చింది, ఈగలొచ్చాయి. వాడు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. ఈసారి ఎలా కనబడుతున్నాడో కూడా చూసుకోలేదు.

మూడోనాటి పొద్దున లోపల్నుంచి టక్‌మని చప్పుడు. మళ్లీ టక్. పెంకు పగిలి తడి తడి పిల్లొకటి తల బయటపెట్టింది. వాడి బోడి తోకనీ, బురద ముఖాన్నీ ఎగాదిగా చూసింది.

"నాన్నా!" అంది.

గండ్రముక్కు ముఖం దగ్గరగా వంచాడు. "ఏదీ తల్లీ, ఇంకొక్కసారి పిలువు" అన్నాడు.

"ముందు తిండి తే, అప్పుడు పిలుస్తా" అంది పిల్ల.

గండ్రముక్కు మడుగు వైపైనా చూడకుండా, వంకరగానే రివ్వున ఎగిరిపోయాడు.

నీతి: పోయాక లోకం మనల్ని ఎలా చూస్తుందా అని బెంగపడే బదులు, ఉన్నప్పుడు మన కోసం ఆకలితో ఎదురుచూసేవాళ్లను చూసుకోవాలి.