మూడు గరుడలూ ఎనిమిది నిమ్మకాయలూ

గుమ్మడికోన మహారాజు మార్తాండ భూపతి కళ్ళు తెరిచేసరికి ఆయన నోట్లో పళ్ళ డాక్టరుగారి పట్టకారు ఉంది.

రాజుగారి పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. పుచ్చిన పన్ను బావమరిదిది. బావమరిది కారును తన కారే అనుకుని ఎక్కి, అలవాటు ప్రకారం వెనకసీట్లో గురక పెట్టారు రాజుగారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండా, ముందే చెప్పిన చోటికి చేర్చాడు. డాక్టరు తన పని తాను మొదలుపెట్టాడు. ఎవరినని ఏం లాభం!

అసలు గొడవంతా కార్లతోనే. కంపెనీ ఒకటే, మోడళ్ళు మూడు. రాజుగారిది రాజగరుడ, రాణిగారిది మహాగరుడ, బావమరిదిది ఉత్త గరుడ. మూడూ తెలుపే, జ్యోతిష్కుడు తెలుపే కొనమన్నాడు మరి. కొత్త మోడలు అన్నప్పుడల్లా కంపెనీవాడు చేసేదేమిటయ్యా అంటే, ముందు దీపాల మీది గీత కాస్త అటు జరిపి, పేరు కాస్త పొడుగు చెయ్యడం.

మర్నాడు సభలో రాజుగారు దవడ పట్టుకుని కూర్చున్నారు.

"తన కారేదో తనకే తెలియని రాజు రాజ్యం ఏం ఏలుతాడయ్యా?" అని వాపోయారు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు చిదంబరరావు. కంపెనీ కాగితాలన్నీ కంఠస్థం పట్టి, 'వాహన విశారద' బిరుదు అడిగి మరీ ఇప్పించుకున్న ఘనుడు.

"తప్పు కార్లది కాదు ప్రభూ, షెడ్డు చూసే ఓబులేసుది. బళ్ళు తారుమారుగా నిలబెట్టాడు. గుర్రాలు తోమినవాడికి మోడళ్ళేం తెలుస్తాయి? షెడ్డు నాకు అప్పగించండి. పేరు బిళ్ళలూ నంబరు పలకలూ పీకేసినా సరే, ఒక్క చూపులో ఏది ఏదో చెప్పేస్తాను!"

మూల నిలబడ్డ ఓబులేసుకి ఒళ్ళు మండింది. ఆ మాట నిజం కావడంతో ఇంకా మండింది. గుర్రాల కాలం నుంచీ ఉన్నాడు. కళ్ళు మూసుకుని మెడ నిమిరితే ఏ గుర్రమో చెప్పేవాడు. ఈ గరుడల్ని మాత్రం ఎంత నిమిరినా ఒక్కలాగే ఉన్నాయి.

"సరే, రేపు పరీక్ష" అన్నారు రాజుగారు. "చిదంబరరావు నెగ్గితే షెడ్డు అతనిది. ఓబులేసూ, నువ్వు షెడ్డు పక్కనున్న గది ఖాళీ చేసి వెళ్ళిపో."

ముప్పై ఏళ్ళుగా ఆ గదే ఓబులేసు ఇల్లు. అయినా ఒకడుగు ముందుకు వేశాడు.

"చిత్తం ప్రభూ. మూడింటి బిళ్ళలూ పలకలూ పీకేసి, కారు నేనే నడుపుకొస్తాను. సభ తూర్పు గుమ్మంలోంచి వచ్చి, పడమటి గుమ్మంలోంచి పోతుంది. అలా మూడుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా విశారదులవారు పేరు చెప్పాలి."

"ముప్పైసార్లు తీసుకురా!" అన్నాడు చిదంబరరావు మీసం దువ్వుకుంటూ.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రోజూ పొద్దున్నే పురోహితులవారు ఒక్కో కారు కింద, చక్రానికొకటి చొప్పున, కుంకుమ పెట్టిన నాలుగు నిమ్మకాయలు పెడతారు. కారు కదలగానే అవి చితకాలి. వాటిని ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. పరీక్ష రోజు పొద్దున కూడా ఆయన వచ్చి, పెట్టి, మంత్రం చదివి వెళ్ళారు.

సభ కిటకిటలాడింది. మొదటిసారి కారొచ్చింది. చిదంబరరావు వంగి చూశాడు.

"దీపం మీద కనుబొమ్మ సన్నగా ఉంది. ఉత్త గరుడ!"

సభ చప్పట్లు కొట్టింది. కారు వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

"ఆహా, కనుబొమ్మ ఎంత ఒత్తుగా ఉందో! మహాగరుడ కాక మరేమిటి?"

మూడోసారి చిదంబరరావు కళ్ళు కూడా తెరవలేదు. తలుపు ఒకసారి తీసి వేసి, ఆ చప్పుడు చెవులారా విన్నాడు.

"ఏం గాంభీర్యం! రాజగరుడ తలుపు తప్ప ఇంకేదీ ఇలా పలకదు ప్రభూ!"

రాజుగారు పొంగిపోయి జరీ శాలువా అందుకున్నారు. ఓబులేసు కారు దిగి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"శాలువా కప్పేముందు ఒక్కసారి షెడ్డు దాకా దయచేయండి ప్రభూ."

రాజుగారి వెనకే సభంతా కదిలింది. షెడ్డులో రెండు తెల్లకార్లు నిలబడి ఉన్నాయి. వాటి కింద ఎనిమిది నిమ్మకాయలు, బొట్టు చెదరకుండా గుండ్రంగా కూర్చుని ఉన్నాయి. మూడో కారు చోట మాత్రం నాలుగు చితికి, రసం కారి ఉంది.

"ఇవి మీరు పెట్టినవేనా పంతులుగారూ?" అన్నాడు ఓబులేసు.

"నా చేత్తో నేనే పెట్టాను! బొట్టు కూడా నాదే!"

రాజుగారు రెండు కార్ల ముక్కుల మీదా చెయ్యి వేసి చూశారు. కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. ఆయన మెల్లగా చిదంబరరావు వైపు తిరిగారు.

"అంటే విశారదా, ఒక్క కారులోనే నీకు మూడు మోడళ్ళూ కనపడ్డాయన్నమాట!"

చిదంబరరావు మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇంతకీ ఓబులేసూ, మూడుసార్లూ వచ్చిన ఆ కారు ఏది?"

ఓబులేసు తల గోక్కున్నాడు.

"అది నాకూ తెలీదు ప్రభూ. ఒక్కటే వచ్చిందని మాత్రం తెలుసు."

రాజుగారు దవడ సంగతి మరిచిపోయి పగలబడి నవ్వారు. సభంతా నవ్వింది. బావమరిది నవ్వబోయి, పుచ్చుపన్ను సలపడంతో "అమ్మో!" అని బుగ్గ పట్టుకున్నాడు. అది చూసి రాణిగారు కూడా ఆపుకోలేకపోయారు.

శాలువా ఓబులేసు భుజాల మీద పడింది. షెడ్డూ గదీ బతికినంతకాలం అతనివేనని రాజుగారు అక్కడికక్కడే ప్రకటించారు. పంతులుగారు సరేననడంతో, మిగిలిన ఎనిమిది నిమ్మకాయలూ పిండి సభకంతా షర్బత్ కలిపే పని మాత్రం వాహన విశారదులవారికి దక్కింది.