వెనక సీటు

రెడ్డెప్పకు ఆ రోజు పొద్దుటి నుంచీ మనసు మనసులో లేదు. రాయచోటిలో ఒక మోటార్‌సైకిళ్ల షోరూమ్‌లో సర్వీసు చూసుకునేది అతనే. బండి బాగాలేదని అంతకుముందే మూడుసార్లు వచ్చిన గంగులయ్య ఈసారి గొడవైనా పెట్టుకోలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, "ఇంక నాకు ఈ బండితో పనిలేదు సారూ. మీరే పెట్టుకోండి" అని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే రెడ్డెప్ప నాలుగు మాటలు చెప్పి పంపేవాడు. నున్నటి గుండుతో ఎండలో పోతున్న ఆ మనిషిని చూసి, తిరుమలకు వెళ్లొచ్చినా ఈయన కోపం తగ్గలేదే అనుకున్నాడు.

గంగులయ్య ఒక బడికి వాచ్‌మన్. భార్య సిద్దమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆమెను వెనక కూర్చోబెట్టుకుని కడపకు డయాలసిస్‌కు తీసుకెళ్తుండేవాడు. తిరిగొచ్చేటప్పుడు, గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి ఆగిపోతోందని అతని గోడు.

ఆ ఏడాది అమ్మిన కొన్ని బండ్లలో ఇంజెక్టర్, అంటే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ముక్క, లోపంతో వచ్చిందని కంపెనీవాళ్లు ఉత్తరం కూడా రాశారు. డీలరు పరీక్షించి లోపం ఉందని రాస్తే చాలు, కొత్తది పంపుతారు. ఆ రాయాల్సిన మనిషి రెడ్డెప్పే. మూడుసార్లూ కంప్యూటర్ తగిలించి చూశాడు. షోరూమ్ ఆవరణలో రెండు చుట్లు తిప్పాడు. జాబ్ కార్డు మీద 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. అబద్ధమేమీ రాయలేదు మరి. అతను తోలినప్పుడు బండి ఎక్కడా ఆగలేదు.

మధ్యాహ్నం ఆ బండే తోలుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

దస్తగిరి ఉస్తాద్ దగ్గర పన్నెండేళ్లు పని నేర్చుకున్నవాడు రెడ్డెప్ప. ఇప్పుడు ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి, ఆయాసం కూడా. షెడ్డు తలుపు ఒక రెక్కే తెరుస్తాడు. అయినా ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు. ఆ నోటితో 'బండి బాగుంది' అని ఒక్క మాట అనిపించుకుంటే రెడ్డెప్పకు ముద్ద దిగుతుంది. అందుకే వచ్చాడు.

"పెండ్లాన్ని వెనకేసుకోని ఘాటెక్కుతాంటే ఆగిపోతాందంట. మూడుసార్లు చూసినా ఉస్తాద్. ఏ లోపమూ లేదు. ఆయనేమో నన్ను దొంగను చూసినట్టు చూసి పోయినాడు. మీరే ఒకసారి వినండి."

ఉస్తాద్ కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"బాగుండాది," అన్నాడు.

రెడ్డెప్ప ముఖం విప్పారింది. ఇంకేదో చెప్పబోయేంతలో ఉస్తాద్ లుంగీ ఎగ్గట్టి, అతని భుజం పట్టుకుని, కష్టంగా వెనక సీటు ఎక్కాడు.

"పా."

"యాడికి ఉస్తాద్?"

"ఘాటు దిగి, మళ్లీ ఎక్కొద్దాం."

"ఈ ఆయాసంతో మీకెందుకు? నేనొక్కణ్ణే పోయొస్తా."

"ఒక్కడివే పోతే అది ఆగదు లేరా."

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన బండిని దాని యజమాని తోలాలి, బాగుచేసినవాడు వెనక కూర్చోవాలి. అలా ఊరి బయటిదాకా వెళ్లొస్తేనే పని అయినట్టు. పన్నెండేళ్లు రెడ్డెప్ప అలాగే చేశాడు. షోరూమ్‌లో అది ఎవరూ అడగలేదు, అతనూ మానేశాడు. ఇప్పుడది గుర్తుకొచ్చి బండి తీశాడు.

కడప వైపు కిందిదాకా దిగి బండి తిప్పారు. ఎక్కేటప్పుడు రెండు మలుపులు బాగానే దాటింది. మూడో మలుపులో ఇంజన్ ఒకసారి ఎక్కిలి పెట్టి ఆగిపోయింది. వెనకే సిమెంటు లారీ. దాని బ్రేకుల చప్పుడు రెడ్డెప్పకు వీపు మీదే వినిపించింది. భుజం మీది ఉస్తాద్ చెయ్యి బిగుసుకుంది. లారీ జానెడు దూరంలో ఆగింది.

"ముసలాయన్ను వెనకేసుకోని ఘాటెక్కే బండేనా ఇది!" అని డ్రైవరు తిట్టి, పక్కనుంచి వెళ్లిపోయాడు.

రెడ్డెప్ప బండిని రోడ్డు పక్క పిట్టగోడ దాకా తోశాడు. ఉస్తాద్ గోడ మీద కూర్చుని దగ్గుతూ ఉండిపోయాడు. రెడ్డెప్ప ఎన్నిసార్లు మీట నొక్కినా బండి కదల్లేదు. పావుగంటకు ఇంజన్ చల్లబడింది. అప్పుడు నొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

ఇద్దరి బరువుతో, వేడెక్కిన ఇంజన్‌తో ఎత్తు ఎక్కాలి. అప్పుడే ఆగుతుంది. షోరూమ్‌కు వచ్చేసరికి ఏ జబ్బూ ఉండదు. రెడ్డెప్ప సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నాకు కనపడలేదు ఉస్తాద్."

ఉస్తాద్ పక్కనున్న రాయిని చేత్తో తట్టాడు. "ఇట్ల వచ్చి కూచో."

రెడ్డెప్ప కూర్చున్నాడు. రాయి కాలుతోంది. లారీలు దుమ్ము రేపుకుంటూ మోకాళ్లకు తగిలేంత దగ్గరగా పోతున్నాయి. లేవబోతే ఉస్తాద్ లేవనివ్వలేదు.

"ఎంతసేపు ఉస్తాద్?"

"ఆయమ్మ కూచున్నంతసేపు."

ఆ సాయంత్రమే రెడ్డెప్ప కొత్త జాబ్ కార్డు తీసి 'లోపం ఉంది' అని రాశాడు. మేనేజరు మొహం చిట్లించినా లెక్కచేయలేదు. ఆరో రోజు ఇంజెక్టర్ వచ్చింది. తన చేత్తోనే వేసి, బండి తోలుకుని గంగులయ్య ఇంటికి వెళ్లాడు.

"కొత్తది వేసినా గంగులయ్యా. నువ్వు తోలు, నేను వెనక కూచుంటా. ఘాటు దాకా పోయొద్దాం."

గంగులయ్య గడపలోనే నిలబడ్డాడు. అతని వెనక గోడకు సిద్దమ్మ ఫోటో ఉంది, దానికి బంతిపూల దండ. రెడ్డెప్ప చూపు ఫోటో మీది నుంచి గంగులయ్య తల మీదికి వచ్చింది. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. అది తిరుమలలో ఇచ్చింది కాదు.

"ఆ పొద్దు వాన సారూ," అన్నాడు గంగులయ్య, ఎవరినీ ఏమీ అననట్టు. "బండి మళ్లా కదిలేదాకా ఆ ఘాటు గోడ మీదే తడిసింది. జరమొచ్చింది. మళ్లా లెయ్యలేదు."

రెడ్డెప్ప చాచిన చేతిలో తాళంచెవి అలాగే ఉంది. గంగులయ్య ఏమనుకున్నాడో, దాన్ని తీసుకున్నాడు.

ఇద్దరూ ఘాటు దిగి, మళ్లీ ఎక్కారు. బండి ఒక్క ఎక్కిలి కూడా పెట్టలేదు. మూడో మలుపు దగ్గర గంగులయ్యే దాన్ని పక్కకు తీసి ఆపాడు. స్టాండు వేసి, గోడ దగ్గరికి పోయి, పక్కన ఇంకొకరికి చోటు వదిలి కూర్చున్నాడు.

రెడ్డెప్ప ఆ చోట కూర్చోలేదు. ఎండలో నిలబడ్డాడు. గంగులయ్య ఇంజన్ ఆపడం మరిచిపోయాడు. అది నిలకడగా ఆడుతూనే ఉంది.