గొయ్యి చూపించిన కుంకుమత్త

అనగనగా... ఆగండాగండి, ఇది పద్నాలుగు లోకాల్లో నేను తప్ప ఎవరూ చెప్పలేని కథ! ఎందుకంటే మా వీధి మలుపు దాటితే దీని సంగతే ఎవరికీ తెలియదు.

జంతువులు కట్టుకున్న మహానగరంలో మాదొక ఇరుకు వీధి. నడిమధ్యన కాలువ మీది రాతిపలక విరిగి, నోరు తెరిచిన గొయ్యి. పక్కన జానెడు అంచు. కోడి కుంకుమత్త పిల్లలు ఆరుగురూ రోజూ ఆ అంచు మీదుగానే బడికి వెళ్లాలి. ఒకసారి చిన్నది జారిపడితే, మేక గడ్డం మామయ్య కండువా వేలాడదీసి పైకి లాగాడు.

వీధంతా ఏకమై నగరాధికారి ఎలుగు దొరవారికి అర్జీ పెట్టుకుంది. వస్తున్నామని కబురొచ్చింది.

"అంతటివారు వస్తుంటే వీధి ఇలాగేనా ఉండేది?" అన్నాడు మామయ్య. గొయ్యి మీద బల్లలు వేశారు. బల్లల మీద ఎర్ర తివాచీ పరిచారు. దొరవారు దాని మీద ఠీవిగా నడిచి, "ఇంద్రభవనంలా ఉంది! అర్జీ ఎందుకయ్యా?" అని వెళ్లిపోయారు.

మళ్లీ అర్జీ. ఈసారి తివాచీ లేదు. అలాగని అతిథిని ఎండలో నిలబెడతామా? వీధి మొదట్లోనే పందిరి వేసి, తేనెపాకం గారెలు పెట్టారు. దొరవారు పద్దెనిమిది తిని, కునుకు తీసి, అటునుంచి అటే వెళ్లిపోయారు.

మూడోసారి కుంకుమత్త వీధికి అడ్డంగా నిలబడింది. "ఎవరైనా తోరణం కట్టారో, పొడుస్తా! నా పిల్లలు నడిచే దారినే ఆయనా నడవాలి."

"పరువు పోతుందే!" అన్నాడు మామయ్య.

"పోతే పోనీ అన్నయ్యా. పిల్లలు పోతే?"

దొరవారు వచ్చారు. దండ లేదు, మేళం లేదు. ముఖం చిట్లించి, "స్వాగతమైనా లేదేం?" అన్నారు.

"కిందికి చూడండి దొరా," అంది కుంకుమత్త.

ఆయన బొటనవేలి ముందే గొయ్యి! సరిగ్గా బడి వేళ. పిల్లలు ఒకరి వెనక ఒకరు అంచెక్కారు. దొరవారు ఊపిరి బిగబట్టారు. ఐదుగురు దాటారు. ఆరోది, ఆ చిన్నదే, జారింది! దొరవారు బోర్లా పడి అరచేత్తో పట్టుకున్నారు.

"రోజూ ఇంతేనా అమ్మా?" అన్నారు చిన్నదాన్ని పైకి తీస్తూ.

"రోజుకు రెండుసార్లు దొరా."

సాయంత్రానికల్లా కొత్త పలక పడింది. పడీపడకముందే పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ల గీశారు.

విన్నారుగా పిల్లలూ! గోడు చెప్పుకోవాలని పెద్దల్ని పిలిచినప్పుడు మర్యాద పేరుతో గోతిని దాచకూడదు, ఉన్నది ఉన్నట్టు చూపించాలి.

ఈ బుద్ధి నాకెప్పుడు వచ్చిందంటారా? కాస్త ఆలస్యంగానే. మొదటిసారి దొరవారు "అర్జీ ఎందుకయ్యా?" అని అడిగినప్పుడు, ముందు వరుసలో చేతులు కట్టుకుని, "అబ్బే, తమ దయవల్ల అంతా చల్లగా ఉందండీ" అన్నది నేనే.